ఫోన్లో అమ్మ

ఓడ వచ్చిన రోజు నాకు ఊపిరి సలపదు. పొద్దున్నే వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయే ఓడలవి. అందులోంచి దిగే ప్రయాణికులతో నాకు పని లేదు. వాళ్ళు బజార్లు తిరుగుతారు, ఫొటోలు దిగుతారు, ఎండని తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కేస్తారు. నా బేరమంతా ఓడలో చాకిరీ చేసేవాళ్ళతోనే. వంటవాళ్ళు, గదులు సర్దేవాళ్ళు, ఇంజన్ల దగ్గర ఉడికిపోయేవాళ్ళు. వాళ్ళు గేటు దాటగానే ఎదురుగా కనిపించేది నా లాండ్రీ కొట్టు. మూటలు తెచ్చి నా మొహాన పడేస్తారు. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఓడ కూత కూసేలోపు చేతికివ్వాలి. ఇవ్వలేకపోతే చొక్కా ఒడ్డున, మనిషి నీళ్ళ మీద. ఆ రెండూ మళ్ళీ ఎప్పుడు కలుస్తాయో దేవుడికే తెలియాలి.

నాకు నోరెక్కువని అంటారు. అననీ. నోరు లేని మనిషిని రేవు గేటు ముందు కొట్టు పెట్టి చూడమనండి, ఎన్నాళ్ళు నడుపుతుందో.

నా కొట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు పనిచేసేవాళ్ళు. పెద్దామె తొట్టి దగ్గర, చిన్నామె ఇస్త్రీ బల్ల దగ్గర. పెద్దామెను అక్క అనీ, చిన్నామెను పిన్ని అనీ పిలవడం మా అందరికీ అలవాటు. ఆ ఇద్దరూ నన్నేమో వదినా అనేవాళ్ళు. వరసలు కలవట్లేదని ఎవరికైనా బాధగా ఉంటే వచ్చి కలుపుకోమనండి, నాకు తీరిక లేదు. అసలు పిన్ని అనే పిలుపు వచ్చింది అక్క కూతురి నోటి నుంచి. ఆ పిల్ల పిలవగా పిలవగా వీధి మొత్తానికీ ఆమె పిన్నే అయింది. ఎవరికీ అమ్మ కాలేదు గానీ అందరికీ పిన్ని. నేను చెప్పబోయేది ఆమె సంగతే.

అక్కకీ పిన్నికీ మొహాల్లో పోలిక లేదు. అక్క బొద్దు, పిన్ని పుల్ల. గొంతు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే, అచ్చు గుద్దినట్టు. అక్క మొగుడు జెట్టీ మీద ఓడల తాళ్ళు కడతాడు. తాళ్ళాయన అంటాం. అటు తిరిగి ఉంటే ఆయనక్కూడా తెలిసేది కాదు, ఎవరు పిలిచారో. పెళ్ళాం అనుకుని పరిగెత్తుకొచ్చి మరదలి చేత చివాట్లు తినేవాడు. "ఒక్క గొంతుకే భయపడి చస్తుంటే దేవుడు నాకు రెండోది కూడా తగిలించాడు" అని కొట్టు ముందు నిలబడి వాపోయేవాడు. లోపల ఇద్దరూ ఒకేసారి "ఏమన్నావ్?" అనేవాళ్ళు.

పిన్ని కాపురం మూణ్ణాళ్ళ ముచ్చటే. మొగుడికి ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉన్నారని ఎవరో వచ్చి చెప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఇస్త్రీ పెట్టె కింద పెట్టకుండానే విన్నది. విని, "ఇంతకీ ఈ చొక్కా ఎవరిది వదినా? కాలరు దగ్గర చిరుగుంది" అంది. అంతే. ఆ రోజు నుంచి అక్క ఇంట్లోనే ఉండిపోయింది. అక్క పగలంతా తొట్టి దగ్గర నానుతుంటే ఆ పిల్లకి తల దువ్విందీ, బడికి దిగబెట్టిందీ, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నదీ పిన్ని. తల్లి తిట్టడానికి, పిన్ని ముద్దు చేయడానికి అన్నట్టు పెరిగింది ఆ పిల్ల. అక్క కూతుర్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలిచింది లేదు. "ఒసేయ్ పిశాచీ" అనేది. ఆ పిశాచి రెండు వీధుల అవతల ఉన్నా పలికేది.

ఆ పిల్లకి ఓడలో ఉద్యోగం వచ్చింది. ప్రయాణికుల గదులు సర్దే పని. అక్క వద్దంటే వద్దంది. రేవులో పుట్టి పెరిగినవాళ్ళకి ఓడలంటే మోజు ఉండదు, భయం ఉంటుంది. మాటా మాటా పెరిగింది. నా కొట్టు ముందే, పదిమందీ చూస్తుండగా, "ఓడెక్కావంటే నీకు అమ్మ లేదనుకో" అంది అక్క. ఆ పిల్ల కూడా అక్క కడుపునే కదా పుట్టింది. "సరే, లేదనే అనుకుంటాలే" అని సంచీ భుజాన వేసుకుని గేట్లోకి వెళ్ళిపోయింది.

ఏడాది దాటినా అక్క ఫోన్ దగ్గరికి రాలేదు. ఆదివారం ఓడ ఏదో ఒక తీరానికి దగ్గరయ్యాక ఆ పిల్ల పిన్ని ఫోన్‌కి చేసేది. పిన్ని మాట్లాడినంతసేపూ అక్క బట్టలు బండకేసి బాదుతూనే ఉండేది. ఫోన్ పెట్టేశాక మాత్రం, "తింటోందటా?" అని అటు తిరిగే అడిగేది. "నువ్వే అడగొచ్చుగా" అంటే, "నాకేం పని, నేను లేనుగా దానికి" అనేది. ఇద్దరూ ఇద్దరే. పంతానికి పోతే పట్టె మంచం కూడా వదులుకునే రకం.

వానలు మొదలయ్యే ముందు అక్కకి జ్వరం తగిలింది. ఊపిరితిత్తులకి పాకిందన్నారు. ఆసుపత్రిలో వేశాం. ఒక సాయంత్రం ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, "వదినా, ఆ పిశాచికి ఫోన్ కలుపు" అంది. పిన్ని ఆ పక్కన, నేను ఈ పక్కన. "ఏం చెప్పను?" అన్నాను. "నువ్వేం చెప్పకు. అమ్మ పిలుస్తోందని ముందే చెప్పావో, నెత్తికెక్కి కూర్చుంటుంది. కలిపి నాకివ్వు, నేనే మాట్లాడతా" అంది. కలిపాను. కలవలేదు. ఓడ నడి సముద్రంలో ఉంటే ఫోన్లు పలకవు. మళ్ళీ కలిపాను, పిన్ని కలిపింది. అక్క చెయ్యి చాపుకునే ఉంది, ఫోన్ అందుకోవడానికి. తెల్లారేసరికి పోయింది.

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళ మీద ఉన్నవాళ్ళకి చావు కబురు పంపరు. వెనకటికి ఒక వంటవాడికి తల్లి పోయిందని ఓడకి కబురు వెళ్ళిందట. అక్కడ వాడు పట్టుకుని ఏడవడానికి అయినవాళ్ళు లేరు, దిగి వెళ్ళడానికి దారి లేదు. తెల్లారి చూస్తే వాడి పక్క ఖాళీగా ఉందట. అప్పటినుంచీ ఎవరింట్లో ఏం జరిగినా, ఓడలో ఉన్న మనిషి మా ఊరి నేల మీద కాలు పెట్టాకే చెప్పాలి. అది మాలో అందరికీ తెలుసు, తెలిసే ఓడెక్కుతారు. అందుకే ఆ పిల్లకి చెప్పలేదు. చెప్పకపోవడం వరకూ ఎవరూ తప్పనరు.

తర్వాత ఆదివారం ఫోన్ మోగింది. "అమ్మ నిద్రపోతోంది" అంది పిన్ని. ఆ పై ఆదివారం, "బయటికెళ్ళింది." మూడోసారి ఆ పిల్ల వినలేదు. నాకు బల్ల ఇవతలికి కూడా వినిపిస్తోంది ఆ ఏడుపు.

"పిన్నీ, అమ్మకి ఒక్కసారి ఇవ్వవా? తిట్టనీ, పరవాలేదు. నాకు పాడు కల వచ్చింది పిన్నీ. అమ్మ మాట్లాడేదాకా నేను పెట్టను."

పిన్ని నా వంక చూసింది. పెట్టెయ్ అని సైగ చేశాను. ఆమె గోడవైపు తిరిగింది. ఫోన్ చేతులు మారడానికి పట్టేంతసేపు ఆగి, "ఆ, చెప్పు" అంది.

తొట్టి దగ్గర ఖాళీగా ఉన్న పీటకేసి చూశాను, ఒట్టు.

"అమ్మా?"

"ఆ."

"అమ్మా, నేనా మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ లేదనుకుంటానన్నాను. నా నోరు పడిపోను. నువ్వు కొట్టినా బాగుండేది..."

"పోనీలే బంగారం. కోపంలో అన్న మాట కోపంతోనే పోయింది. ఏడవకు."

"బంగారమా? అమ్మా, నువ్వేనా మాట్లాడేది? ఎప్పుడూ పిశాచీ అంటావుగా!" ఏడుపులోనే నవ్వింది ఆ పిల్ల.

"దూరంగా ఉంటే పిశాచి కూడా బంగారమేనే" అంది పిన్ని.

ఇస్త్రీ పెట్టె కింద చొక్కా కాలిపోయి పొగ లేచింది. తీసి అవతల పారేశాను. "ఇదేం పనే?" అన్నాను.

"అక్క అందామనుకున్న మాటే కదా వదినా. అక్క నోటికి అందలేదు. నేను అందించానంతే" అంది.

ఒక్కసారితో ఆగుతుందా? ఆదివారం వస్తే ఫోన్లో అమ్మ కావాలి. ఒక అబద్ధానికి పది అబద్ధాలు కాపలా పెట్టాలని ఊరికే అన్నారా! నేను తిట్టాను. నేను తిట్టడం ఆపేదాకా ఆమె ఊరుకునేది, ఆదివారం మళ్ళీ ఫోన్ పట్టుకుని గోడవైపు తిరిగేది. తాళ్ళాయనకి తెలిసింది. ఫోన్ మోగగానే లేచి బయటికెళ్ళి వీధి చివర నిలబడేవాడు. "ఆ గొంతు వింటుంటే పెళ్ళాం లేచి వచ్చినట్టుందమ్మా, నా వల్ల కాదు" అన్నాడు నాతో.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. పిన్ని ఫోన్లో అక్కలా మాట్లాడలేదు. గొంతు అక్కదే, మాటలు అక్కవి కావు. అక్క అయితే, "తిన్నావా చచ్చావా?" అనేది. పిన్ని, "ఏం తిన్నావు బంగారం, కడుపునిండా తిన్నావా, చెవులకి గుడ్డ కట్టుకో, గాలి పోతుంది" అనేది. తనే తల్లయ్యుంటే ఎలా మాట్లాడేదో అలా మాట్లాడింది. ఆ పిల్ల మురిసిపోయేది. కూతురు దూరమయ్యాక అమ్మ మెత్తబడిందనుకునేది. ఆదివారం పొద్దున్నే పిన్ని తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని కొట్టుకొచ్చేది. "ఫోన్లో ఎవరికి కనిపించాలని ఈ సోకు?" అని ఆటపట్టించాను. సిగ్గుపడింది. నలభై దాటిన మనిషి, పెళ్ళిలో కూడా అంత సిగ్గు పడి ఉండదు.

ఒకసారి ఆ పిల్ల, "పిన్ని ఎలా ఉందమ్మా? ఈమధ్య నాతో మాట్లాడట్లేదేం?" అని అడిగింది. "దానికేం, గుండ్రాయిలా ఉంది. బజారుకెళ్ళింది" అంది పిన్ని. ఫోన్ పెట్టేసి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల తర్వాత పిన్నిని అడగడం తగ్గించేసింది. అమ్మ దొరికింది కదా, ఇంక పిన్నితో ఏం పని!

అలా ఉండగా ఒక ఆదివారం ఫోన్లోంచి కేక వినిపించింది. "అమ్మా, మా ఓడ మనూళ్ళో ఆగుతోందే! వచ్చే వారమే! ఒక్క పగలే అనుకో, నాకు దిగడానికి వంతు ఇచ్చారు!"

"రా బంగారం" అంది పిన్ని. అని ఫోన్ బల్ల మీద పెట్టి, నేల మీద కూలబడిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో ముగ్గురం కూర్చున్నాం. చావు కబురు దాచి తీరాలన్న కట్టు తీరిపోతుంది, నేల మీద కాలు పెడుతుంది కాబట్టి చెప్పాలి. చెప్పడం గురించి గొడవ లేదు. గొడవంతా ఎప్పుడు పోయిందన్న దాని గురించి. వానల ముందు పోయిందంటే, వానల తర్వాత ఫోన్లో మాట్లాడిందెవరు?

"ఓడ వచ్చే రెండ్రోజుల ముందు పోయిందందాం" అన్నాడు తాళ్ళాయన, నేలకేసి చూస్తూ. "ఎలాగూ ఏడుస్తుంది. ఏడ్చినా, మా అమ్మ నాతో మాట్లాడి పోయింది, ఆ మాట మనసులో పెట్టుకోలేదు అన్నది ఒక్కటి మిగలనీ దానికి. అదీ లేకపోతే ఆ పిల్ల బతకలేదు."

"నేను చెప్పలేను బావా" అంది పిన్ని. "దాని మొహం చూసి నా వల్ల కాదు."

"నేను చెప్తాను. గేటు దగ్గరికి నేనే వెళ్ళి తీసుకొస్తాను, దారిలో చెప్తాను. మీరిద్దరూ మొన్న పోయిందన్న మాట మాత్రం తప్పకండి."

వీధిలో నలుగురికీ కూడా అదే చెప్పి ఉంచాం. నా నోటికి అబద్ధం కొత్తా? ఆరిపోయిందని చెప్పి రోజూ తడి చొక్కాలే కదా ఇచ్చేది!

ఆ రోజు ఓడ వచ్చింది. తెల్లగా, మేడలా. తాళ్ళాయన జెట్టీ మీద తాళ్ళు అందుకుని ఇనప మొద్దులకి తగిలించాడు. తగిలించి గేటు దగ్గరికి రావాలి. అంతలో వెనకే ఒక సరుకు ఓడ దూరింది. తాళ్ళవాళ్ళని కదలనివ్వలేదు. ఆయన అక్కడ ఇరుక్కుపోయాడు. నాకు ఇక్కడ మూటల మీద మూటలు. ఆ మూటల వెనక నుంచి, "అత్తా!" అంటూ వచ్చేసింది ఆ పిల్ల.

కాస్త ఒళ్ళు చేసింది. నవ్వు మొహం. తోటివాళ్ళ మూటలు రెండు నా బల్ల మీద పడేసి, మూడోది చంకలోనే పెట్టుకుంది. "ఇది నాది, నీకివ్వను. అమ్మ చేత ఉతికిస్తా. తిడుతూ ఉతకాలి, నేను పక్కన కూర్చుని వినాలి" అంటూ తొట్టి వైపు నడిచింది. అక్కడ కొత్తగా పెట్టుకున్న పనామె తలెత్తి చూసింది.

"అమ్మేదత్తా? ఇవాళ కూడా పనికి రాలేదా? ఇంటి దగ్గరుందా? పిన్నీ!" పిన్నిని వాటేసుకుంది. "ఏంటి ఇంత చిక్కిపోయావు? అమ్మ గుండ్రాయిలా ఉన్నావంది?"

పిన్ని ఆమె భుజం మీంచి నా వంక చూసింది. గుమ్మం వైపు చూశాను. తాళ్ళాయన జాడ లేదు. ఇంక ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"అమ్మ లేదమ్మా" అన్నాను.

"లేదంటే? ఎక్కడికెళ్ళింది?"

"పోయింది తల్లీ. జ్వరమొచ్చి పోయింది."

నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దిగడానికి సమయం పట్టింది. చంకలో మూట జారిపోయింది. మూటల మీదే కూర్చుండిపోయి, "ఎప్పుడు?" అంది.

"మొన్న." తడుముకోకుండా అన్నాను.

అప్పుడు ఏడ్చింది. కొట్టు ముందు ఓడవాళ్ళంతా మూటలు పట్టుకుని నిలబడిపోయారు. భాష తెలియకపోయినా ఏడుపు తెలుస్తుంది కదా, ఒక్కడు కూడా తొందరపెట్టలేదు. ఏడుస్తూ ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుని, "నాతో మాట్లాడిందత్తా. పోయేముందు నాతో మాట్లాడింది. నవ్వింది కూడా. నేనన్న మాట కోపంతోనే పోయిందంది" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఎవరో కాదంటారేమో అన్నట్టు చెప్పింది. "అవునమ్మా, అవును" అంటూనే ఉన్నాను నేను. పిన్ని ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఇంటికెళ్దాం పద" అన్నాను. కొట్టు పనామె మీద వదిలేసి నేనూ వెళ్ళాను. "నువ్వూ రా వదినా, నన్నొక్కదాన్నే వదలకు" అంది పిన్ని నా చెవిలో.

వాళ్ళిల్లు మెట్ల మీద రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన అక్క మంచం అలాగే ఉంది. ఆ పిల్ల చెప్పులు కూడా విప్పకుండా ఆ మంచం మీద పడుకుని దిండులో మొహం పెట్టుకుంది. పిన్ని నీళ్ళు తెచ్చింది, తాగలేదు. అన్నం కలిపి తెచ్చింది, ఒక ముద్ద తిని చాలంది. పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని ఒళ్ళో తల పెట్టుకుంది.

"నువ్వే అమ్మని ఒప్పించి ఉంటావు పిన్నీ. లేకపోతే ఆ మొండిది ఫోన్ పట్టుకునేదా? నువ్వు చేసిన మేలు నేను చచ్చినా మర్చిపోను. ఒక్కసారి కూడా నీతో సరిగ్గా మాట్లాడలేదు నేను. అమ్మ దొరికిన సంతోషంలో నిన్ను అడగడం కూడా మానేశాను."

పిన్ని ఆమె జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతోంది. ఆ తల ఎన్ని వేలసార్లు దువ్విందో. కళ్ళు మాత్రం గోడమీదే ఉన్నాయి.

కిటికీలోంచి ఓడ కనిపిస్తోంది. ఇంకాసేపట్లో ఆ పిల్ల వెనక్కి వెళ్ళిపోవాలి. గండం గట్టెక్కిందనే అనుకున్నాను. ఆ పిల్ల ఏడ్చింది, ఏడ్చి ఓడెక్కుతుంది, అమ్మ తనని క్షమించిందన్న మాట గుండెలో పెట్టుకుని వెళుతుంది. అంతకంటే మాకు మాత్రం ఏం కావాలి!

"పిన్నీ" అంది ఆ పిల్ల కళ్ళు మూసుకునే. "నీ గొంతు అచ్చం అమ్మదే కదా. ఒక్కసారి అమ్మలా పిలువు. వెళ్ళేముందు ఒక్కసారి విని వెళ్తాను."

"వద్దు తల్లీ" అంది పిన్ని.

"ఒక్కసారే. నేను కళ్ళు తెరవను."

"వద్దని చెబుతోందిగా, లే అమ్మడూ, మొహం కడుక్కో" అన్నాను నేను. వింటేనా!

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా."

పిన్ని ఏడుస్తోంది. ఏడుపు దిగమింగుకుంది. ఆ పిల్ల చెవి మీద వెంట్రుకలు వెనక్కి తోసి, వంగి, ఎంతో ప్రేమగా, "ఏం బంగారం, తిన్నావా?" అంది.

అంది గానీ, అన్న మరుక్షణమే ఆమెకి తెలిసిపోయింది. నాకూ తెలిసింది. ఆ పిల్ల వినాలనుకున్నది "ఒసేయ్ పిశాచీ" అన్న కేక. చిన్నప్పుడు రెండు వీధుల అవతలికి వినిపించిన కేక.

ఆ పిల్ల కళ్ళు తెరిచింది. "అమ్మ నన్ను ఎప్పుడూ బంగారం అనలేదు పిన్నీ" అంది. "ఫోన్లో తప్ప."

"నేను పక్కనే ఉండి విన్నాను కదా, అందుకని..." అంది పిన్ని. నేను కూడా, "అవును, అవును, పక్కనే ఉండేది" అన్నాను. ఆ పిల్ల లేచి కూర్చుని పిన్ని మొహంలోకి చూసింది. ఆ మొహం అబద్ధం దాచుకోగలిగే మొహం కాదు. ఫోన్లో మొహం కనపడదు కాబట్టే అన్నాళ్ళు నడిచింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తాళ్ళాయన ఒగరుస్తూ వచ్చాడు, చేతుల నిండా తాళ్ళ మసి. కూతుర్ని చూసి, "తల్లీ" అన్నాడు.

"నాన్నా, అమ్మ ఎప్పుడు పోయింది?"

"మొన్న."

"నా మీద ఒట్టేసి చెప్పు. నేను ఓడెక్కాక అమ్మ నాతో ఒక్కసారైనా మాట్లాడిందా?"

ఆయన చెయ్యి పైకెత్తాడు. కూతురి తల దాకా తెచ్చాడు. పెట్టలేకపోయాడు. గుమ్మంలోనే కూర్చుని కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అయితే," అంది ఆ పిల్ల నెమ్మదిగా, ఎవరితోనో కాదు, తనలో తనే చెప్పుకున్నట్టు. "అమ్మ లేదనుకుంటా అన్నానే, అదే నా నోట మా అమ్మ విన్న ఆఖరి మాట."

లేచి మొహం కడుక్కుంది. చెప్పులు సర్దుకుంది. ఓడలో పని నేర్పుతుంది కాబోలు, పడుకున్న దుప్పటి ముడతలు కూడా తీసి, మెట్లు దిగిపోయింది. మేం ముగ్గురం వెనక పడ్డాం. బజారు నిండా ప్రయాణికులు. వాళ్ళని తోసుకుంటూ పిన్ని వెనక నుంచి చెబుతూనే ఉంది, అరుస్తూనే ఉంది.

"అక్క అడిగిందే! ఆసుపత్రిలో అడిగింది! పిశాచికి ఫోన్ కలపమంది. ముందే చెప్పొద్దంది, నెత్తికెక్కుతుందంది. కలవలేదు తల్లీ. చెయ్యి చాపుకునే పోయింది. ఆ మాట నీకు చేర్చాలనే నేను... నా కళ్ళు పోవాలి, నిజం చెబుతున్నా!"

గేటు దగ్గర ఆగింది ఆ పిల్ల. అక్కడి నుంచి ఓడవాళ్ళకీ, రేవు పనివాళ్ళకీ తప్ప లోపలికి దారి లేదు. వెనక్కి తిరిగింది. కోపంగా ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది.

"ఇది ఎవరు చెబుతున్నారు పిన్నీ?" అంది. "నువ్వా, అమ్మా?"

పిన్ని నిలువునా నీరైపోయింది. ఇంక నేను ఆగలేకపోయాను. "నేనున్నానే అక్కడ! ఫోన్ కలిపింది నేను! ఈ చెవులతో విన్నాను, మీ అమ్మ నిన్ను అడిగింది, అది మాత్రం నిజం!" అన్నాను.

"నువ్వు కూడా మొన్న పోయిందన్నావు కదత్తా" అంది.

తాళ్ళాయన కూతురి భుజం పట్టుకుని, "నిజం తల్లీ, మీ అమ్మ మీద ఒట్టు" అన్నాడు. ఈసారి ఆయన చెయ్యి ఆగలేదు. ఆ పిల్ల ఆ చేతి వంక చూసింది.

"నిజమే అయ్యుంటుంది నాన్నా. నాకు తెలియట్లేదు" అంది. "ఏది నిజమో నాకింక తెలియదు."

ఓడ మొదటి కూత వేసింది. తాళ్ళాయన తాళ్ళు విప్పాలి, ఆయనా లోపలికి వెళ్ళాలి. తండ్రీ కూతుళ్ళు ఒకరి పక్కన ఒకరు జెట్టీ మీద నడుచుకుంటూ పోతున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంతో. పిన్ని గేటు ఊచలు పట్టుకుంది. ఎప్పుడూ లేనంత గట్టిగా పిలిచింది, "తల్లీ, ఒక్కసారి ఇటు చూడవే!" అని. అక్క గొంతే. అదే గొంతు. ఆమెకి మాత్రం ఇంకో గొంతు ఎక్కడి నుంచి వస్తుంది!

ఆ పిల్ల రెండు చేతులూ ఎత్తి చెవులు మూసుకుంది. అలా మూసుకునే నడిచింది, ఓడ మెట్లదాకా. పిన్ని ఇంకా పిలుస్తూనే ఉంది. చివరికి నేనే వెళ్ళి, నా చేత్తో ఆమె నోరు మూశాను.